కాళ్లెత్తండి

"కాళ్లెత్తండి," అంది విజయ కుమారి.

సోఫా ముందు నాలుగు పాదాలు ఒక్కసారే గాల్లోకి లేచాయి. రెండు భర్తవి, రెండు కొడుకువి. కళ్లు మాత్రం లేవలేదు. ఎలీయాజరు, జెఫ్రీ ఒకే ఫోనులోకి తలలు పెట్టి, ఇల్లు తనంతట తానే ఊడ్చి తుడిచే రోబో వీడియో చూస్తున్నారు. అందులో ఒకాయన తళతళలాడే నేల మీద కావాలని కాఫీ ఒలకబోసి, గుండ్రటి యంత్రం వచ్చి తుడుచుకుపోతుంటే చప్పట్లు కొడుతున్నాడు.

విజయ కుమారి గొంతుక్కూర్చుని తడిగుడ్డని సోఫా కిందికి తోసింది. మోకాళ్లలో ఎండుపుల్లలు విరిగినట్టు చప్పుడయింది. పళ్లు బిగబట్టి, కూర్చున్నట్టే ఓ అడుగు పక్కకి జరిగి మళ్లీ తోసింది. పొట్టి మనిషి, కాస్త బొద్దు. నీళ్లలో నాని నాని వేళ్ల కణుపులు ఉబ్బిపోయాయి. మడమలు బీటలు వారాయి. పనికి వెళ్లే ముందే ఇల్లు తుడుస్తుంది కాబట్టి బడికి కట్టుకెళ్లే చీర తడవకుండా కుచ్చిళ్లు పైకి దోపుకుంది. చేతిలోని గుడ్డ ఒకప్పుడు ఎలీయాజరు వర్క్‌షాపుకి తొడుక్కెళ్లిన నీలం చొక్కా. చేతులు కత్తిరించేసినా జేబు ఇంకా దాన్ని పట్టుకునే ఉంది.

"ఇదైతే తన చెత్త తనే పారబోసుకుంటాది డాడీ," అన్నాడు జెఫ్రీ. "గుడ్డ కూడా తనే ఉతుక్కుంటాది. వేడినీళ్లతో. ఆరబెట్టుకుంటాది కూడా."

అయితే ఈ ఇంట్లో తన గుడ్డ తాను ఉతుక్కునే మొదటి ప్రాణి అదే అవుతుంది, అనుకుంది విజయ కుమారి. పైకి అనలేదు. అంటే నవ్వుతారు. ఆమెకి కోపం వస్తే నవ్వడం ఆ ఇంట్లో అలవాటు.

సోఫా చెయ్యి పట్టుకుని మెల్లగా లేచింది. పట్టుకోవడానికి అక్కడే మనుషుల చేతులు నాలుగున్నాయి గానీ అవి తీరిగ్గా లేవు.

"దించండి," అంది. పాదాలు దిగాయి.

ఈ ఫ్లాటుకి వచ్చి ఏడాది కాలేదు. అంతకుముందు కాపురమంతా హౌరా పక్కన లిలువాలోనే. ఎలీయాజరు అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. బోగీల పనికి తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. విజయ కుమారిది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ. పెళ్లయి వచ్చిన మర్నాడే అత్తగారు ఆమె చేతికి బకెట్ అందించింది. క్వార్టరులో రెండు గదులు, ఎర్ర గచ్చు. మరక పడినా ఆ గచ్చు తనలోనే దాచుకునేది. జెఫ్రీ పుట్టిన వారానికి లేచి ఆ గచ్చు తుడిచింది. ఖరగ్‌పూర్ నుంచి తల్లి పోయిన కబురు వచ్చిన రోజున కూడా తుడిచి, గుడ్డ పిండి ఆరేసి, అప్పుడు బండెక్కింది.

జెఫ్రీకి కలకత్తా న్యూ టౌన్‌లో ఐటీ ఉద్యోగం కుదిరాక ముగ్గురి సంపాదనా కలిపి ఈ ఫ్లాటు కొన్నారు. నేలకి తెల్ల పలకలు వేయించాలన్నది జెఫ్రీ ముచ్చట. చుట్టూ ఇంకా లేస్తున్న టవర్లు. కిటికీ తెరిస్తే సిమెంటు దుమ్ము, మూస్తే ఉక్కపోత. పొద్దున్న తుడిచిన నేల మధ్యాహ్నానికి బూడిద రంగుకి తిరుగుతుంది. తెల్ల నేల చూడ్డానికి బాగానే ఉంటుంది, చూసేవాళ్లకి.

వానలు మొదలయ్యాక ఆమె మోకాళ్లు పొంగి నడక కష్టమైంది. డాక్టరు దగ్గరికి జెఫ్రీయే తీసుకెళ్లాడు. ఇంక నేల మీద గొంతుక్కూర్చోకూడదని, ఇల్లు తుడవడం మానాలని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. ఆ మాట వింటూ జెఫ్రీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అది నటన కాదు, పిల్లాడికి తల్లంటే ప్రేమే. ఆ సాయంత్రమే "అమ్మకి రోబో కొంటాను" అని ప్రకటించాడు. "కొనాలి, కొంటే మంచిదే కొనాలి," అన్నాడు ఎలీయాజరు.

ఆ మంచిదేదో తేలకుండానే నెల దాటిపోయింది. డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమెకి మంట అక్కడే. డబ్బు లేక ఆగారంటే ఆమె కూడా ఆగేది. వర్క్‌షాపులో ఉన్నన్నాళ్లూ ఎలీయాజరు ఒక బోల్టు వచ్చినా తిప్పి చూసి, తట్టి చూసి, వెలుతురుకి పట్టి చూసి గానీ తీసుకునేవాడు కాదు. రిటైరయ్యాక ఆ బుద్ధికి పని లేకుండా పోయింది. ఇప్పుడు దొరికింది. ఈ రోబోకి పీల్చే బలం ఎక్కువ గానీ గడప దాటలేదు. ఆ రోబో గడప దాటుతుంది గానీ మూలల్లో దుమ్ము వదిలేస్తుంది. ఒకదాని చెత్తసంచి చిన్నది, ఇంకోదాని రొద పెద్దది. అన్నాల దగ్గర ఇదే మాట, ఆదివారం గుడి నుంచి వస్తూ ఇదే మాట. పెళ్లిసంబంధానికి కూడా ఇన్ని చూపులు చూడరు.

పై అంతస్తులో బ్యాంకు ఆఫీసరు శ్రీనివాస రావు గారింట్లో ఒకటి ఉందని తెలిసి, తండ్రీ కొడుకులు వెళ్లి చాలాసేపు దాని వెనకే తిరిగి వచ్చారు. ఆయన భార్య జయలక్ష్మి, విజయ కుమారిని మొదటిసారి లిఫ్టు దగ్గర చూసి, "ఏ ఫ్లాట్లో చేస్తున్నావమ్మా పని? మాకూ ఒక మనిషి కావాలి," అని అడిగిన ఇల్లాలు. రోబో ఉన్న ఆ ఇంట్లో ఇప్పుడూ పనిమనిషి ఉంది. రోబో బయల్దేరే ముందు నేల మీద చెప్పులూ వైర్లూ ఏరిపెట్టడం ఆ మనిషి పని.

మరి ఈ నెల పొడుగునా ఇల్లు తుడిచిందెవరు? ఆ ప్రశ్న ఎవరి నోటా రాలేదు. కర్ర మాప్ కొని తెస్తే, తెల్ల పలకల మీద చారలు పడుతున్నాయని ఎలీయాజరే పెదవి విరిచాడు. పనిమనిషిని పెడదామంటే, "ఇయ్యాలో రేపో మిసను వస్తాది కదా, ఈ నాలుగునాళ్లకి మనిసెందుకే," అన్నాడు. పోనీ మీరే ఓ చెయ్యి వెయ్యండి అంటే, "నా మోకాళ్లు వంగవే ఇజయా. బోగీల కింద దూరి దూరి అరిగిపోనాయి," అని నిట్టూర్చాడు. జెఫ్రీ ఒకసారి తుడిచాడు. హాలు చెరువైంది. వాళ్ల నాన్న జారబోయి గోడ పట్టుకుని, "నీకెందుకురా, అమ్మ సూసుకుంటాది," అన్నాడు. ఆ ఒక్క మాట మీదే ఆ ఇల్లు ఇన్నేళ్లుగా నిలబడి ఉంది.

ఎలీయాజరు సంఘంలో పెద్ద. క్రీస్తు తన శిష్యుల పాదాలు కడిగిన సంగతి ఆయన చెబుతుంటే వినేవాళ్ల కళ్లు చెమరుస్తాయి. రేపు ఆదివారం సాయంత్రం ఈ ఫ్లాటులో మొదటి ప్రార్థన కూడిక. లిలువా నుంచీ సంత్రాగాఛి నుంచీ సంఘస్థులు వస్తారు. హాలులో చాపలు పరుచుకుని కూర్చుంటారు. చివర్లో పాస్టరుగారు ప్రార్థన ఎత్తుకోగానే అందరూ నేల మీద మోకరిస్తారు. అంతమంది మోకాళ్లు ఆనే నేల శుభ్రంగా లేకపోతే ఇంటి ఆడదాని పరువే పోతుంది, మగవాడి పరువు పోదు.

అందుకే నిన్న అన్నం తినేటప్పుడు ఆమె గట్టిగానే చెప్పింది. "రేపు ఏదో ఒకటి కొనీండి. కొనకపోతే కూడికకి ఇల్లు నాను తుడవను."

"కొంటాం లేవే. సాయంత్రం షోరూంకి నువ్వూ రా. నీకోసమే కదా," అన్నాడు ఎలీయాజరు. జెఫ్రీ నవ్వాడు.

సెక్టర్ ఫైవ్ దాకా ఆటో, అక్కణ్నుంచి మెట్రోలో హౌరా. హౌరాలో లోకల్ ఎక్కితే తర్వాతి స్టేషనే లిలువా. అక్కడి మిషన్ బడిలో పసిపిల్లల తరగతికి విజయ కుమారి ఆయా. స్టేషను వంతెన మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు దిగుతుంది. వెనకవాళ్లు విసుక్కుంటే, "ఎల్లండి బాబూ, ముందుకెల్లండి," అని పక్కకి తప్పుకుంటుంది. పక్కకి తప్పుకోవడం ఆమెకి బాగా వచ్చు.

ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి. పిల్లలు పిన్నిని పిలిచినట్టు "మాసీ, మాసీ" అంటూ కొంగు పట్టుకుని తిరిగారు. ఒకడు టిఫిన్ డబ్బా ఒంపేశాడు. ఒక పిల్ల బెంచీ మీదే తడిపేసి, భయపడి, బల్ల కింద దాక్కుంది. ఆ పిల్లని బయటికి లాగి, మొహం కడిగి, బట్టలు మార్చి, నేల తుడిచింది. పిల్లలు చేస్తే ఆమెకి కోపం రాదు. వాళ్లకి ఇంకా తెలియదు. తెలిసిన వయసు దాటి తలలు నెరిసినవాళ్లు కూడా తెలియనట్టుంటేనే ఒళ్లు మండుతుంది.

బడి వదిలాక రాణి క్వార్టరుకి వెళ్లింది. రాణి పాత ఇరుగుపొరుగు, గుడిలో ఒకే చాప మీద కూర్చున్న స్నేహం. భర్త పోయాక అతని ఉద్యోగం వర్క్‌షాపులో రాణికే ఇచ్చారు. పిల్లలు లేరు. ఒక గది, ఒక వంటిల్లు, ఎర్ర గచ్చు. విజయ కుమారి వెళ్లేసరికి రాణి ఇల్లు తుడుస్తోంది. విజయ కుమారి అలవాటుగా కుచ్చిళ్లు పైకి దోపుకుని, "ఇలాగియ్యి," అని చెయ్యి చాపింది.

"నీకేటి పిచ్చా? టీ పోసి ఉంచినాను, గలాసు పట్టుకుని ఆ మంచం మీద కూకో అక్కా," అని కసిరింది రాణి. గుడ్డ తిప్పుకుంటూ మంచం దాకా వచ్చి, తల ఎత్తకుండానే, "కాళ్లెత్తు," అంది.

విజయ కుమారి కాళ్లెత్తింది.

ఎత్తిన ఆ రెండు పాదాలనీ అలాగే చూస్తూ ఉండిపోయింది. బుద్ధెరిగిన నాటి నుంచి ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. పుట్టింట్లో తల్లి ఊడ్చిన చోటల్లా వెనకాలే తుడుచుకుంటూ వెళ్లింది తను. అత్తింట్లో అత్తనీ మామనీ ఆడపడుచులనీ, తర్వాత మొగుణ్నీ కొడుకునీ కాళ్లెత్తమన్నది తను. ఎందరి పాదాలో ఎత్తించింది గానీ, ఎత్తడం ఎలా ఉంటుందో తెలియకుండానే ఈ వయసుకి వచ్చింది. ఇంత తేలికా! కడుపులో చల్ల కదలకుండా, చేతిలో టీ గ్లాసుతో, కింద ఒక మనిషి పాకుతూ పోతుంటే పైన ఊరికే అలా కూర్చోవడమా! ఇన్నేళ్లూ వాళ్లు చేస్తున్న పని ఇదేనా!

ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆల్లకి మిసను అక్కర్లేదే రాణీ," అంది. "నానున్నాను కదా, ఆల్లకేటి తొందర? మిసను గురించి మాటాడుకోడానికే సరదా ఆల్లకి."

రాణి గుడ్డ పిండి బకెట్ మీద ఆరేసి వచ్చి పక్కన కూర్చుంది. "ఇక్కడికొచ్చీ అక్కా. బడి రెండడుగులు. రాత్రి మాటాడ్డానికి నాకూ ఒక మనిసి ఉంటాది. ఎన్నిసార్లు సెప్పాలి నీకు?"

ఈ మాట రాణి అన్నప్పుడల్లా విజయ కుమారి నవ్వేసి ఊరుకునేది. ఈసారి నవ్వు రాలేదు. "సాయంత్రం కొంటామన్నారు. సూస్తాను," అంది.

షోరూం న్యూ టౌన్‌లోనే, పెద్ద మాల్ లోపల. ఒక మూల ఇల్లులా అమర్చారు. సోఫా, టీపాయి, చిన్న తివాచీ, గడప బదులు ఒక చెక్క. ఎలీయాజరు ఇస్త్రీ ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని గుడికి వచ్చినట్టు వచ్చాడు. సేల్స్‌మ్యాన్ పేరు లలిత్. నేల మీద పిండి, పప్పుగింజలు, టమాటా సాస్ చల్లి బొత్తాం నొక్కాడు. రోబో కదిలింది. పిండి పీల్చింది, సాస్ తుడిచింది, తివాచీ ఎక్కేటప్పుడు తడిగుడ్డని తనే పైకెత్తుకుంది. పని అయ్యాక తన పెట్టె దగ్గరికి వెనక్కి నడిచి, ఘుర్రుమని చెత్త కక్కేసి, గుడ్డ కడుక్కుంది. నిజం చెప్పాలంటే బాగానే తుడిచింది. విజయ కుమారికి దాని మీద ఏ కోపమూ లేదు. వాదించకుండా పని చేసుకుపోయేదంటే ఆమెకి మర్యాదే.

"ఇది బయల్దేరే ముందు నేల మీద సాక్సులూ ఛార్జరు వైర్లూ ఎవరు తియ్యాలి?" అని లలిత్‌ని హిందీలో అడిగింది.

"అవి మాత్రం మీరు తియ్యాలి ఆంటీ."

"లోపలి మురికినీళ్లు?"

"అవి కూడా అప్పుడప్పుడు మీరే పారబొయ్యాలి." మీరు అన్నప్పుడు అతను ఆమె వైపే చూశాడు. అక్కడ ముగ్గురున్నారు.

"అది సరే, సోఫా కింద ఏటి సేస్తందో సూడాల కదా," అన్నాడు ఎలీయాజరు. ప్యాంటు మోకాళ్ల దగ్గర కాస్త పైకి లాక్కున్నాడు. గొంతుక్కూర్చున్నాడు. అంతటితో ఆగలేదు. మోకాళ్ల మీద వంగి, అరచేతులు నేలకి ఆనించి, చెంప దాదాపు నేలకి తాకేటట్టు వాలి, ఫోను లైటు వేసి సోఫా కిందికి చూశాడు. రోబో ఆ మూలకి వెళ్తే ఆ మూలకి పాకాడు. ఈ మూలకి వస్తే ఈ మూలకి పాకాడు. జెఫ్రీ పక్కనే బోర్లా పడుకుని వీడియో తీస్తున్నాడు. "సూడరా, ఎనకాల మూల దుమ్ము ఒగ్గేస్తంది!" అని ఎలీయాజరు సంబరంగా అరిచాడు. ఆ తర్వాత చెయ్యి ఎక్కడా ఆనించకుండా చటుక్కున లేచి నిలబడి, చేతులు దులుపుకున్నాడు. మోకాళ్లు చిన్న చప్పుడు కూడా చెయ్యలేదు.

విజయ కుమారి ఆ మోకాళ్లనే చూస్తూ నిలబడింది. మొదట నమ్మలేదు. తర్వాత ఒళ్లంతా భగ్గుమంది. వంగని మోకాళ్లు! రోజూ పొద్దున్న ఆమె సోఫా చెయ్యి పట్టుకు లేస్తుంటే ఎదురుగా నిట్టూర్చే మోకాళ్లు! ఆ మనిషి మీద ఆమెకి అసహ్యం వేసింది. మొగుడి గురించి అంత మాట అనుకోకూడదని చిన్నప్పటి నుంచి నేర్పారు. నేర్పినవాళ్ల మీద కూడా అసహ్యం వేసింది.

లలిత్ పాపం లాభం చూసుకోకుండా నిజం చెప్పేశాడు. దుర్గాపూజ ముందు కొత్త మోడల్ వస్తుందట. మూలల్లోకి చెయ్యి చాపి మరీ తుడుస్తుందట. తండ్రీ కొడుకులు మొహమొహాలు చూసుకున్నారు.

"ఇన్నాళ్లు ఆగినాం. పూజల దాకా ఆగలేమేటి?" అన్నాడు ఎలీయాజరు.

"అవునమ్మా," అన్నాడు జెఫ్రీ తల్లి భుజం మీద చెయ్యి వేసి. "నీకు బెస్ట్ ఇవ్వాలి కదా."

ఆ చెయ్యి ఎంత బరువుగా ఉందో ఆమెకే తెలుసు. పక్కకి జరిగి తప్పించుకుంది.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. దారంతా క్యాబులో రోబోకి ఏం పేరు పెడితే బాగుంటుందా అని జెఫ్రీ ఆలోచించాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. లోపలికి వస్తూనే ఎలీయాజరు చెప్పులు హాలు మధ్యలో విడిచి సోఫాలో కూలబడ్డాడు. జెఫ్రీ సాక్సులు విప్పి టీపాయి కిందికి విసిరి తండ్రి పక్కన చేరాడు. కొత్త మోడల్ వీడియో అప్పుడే వచ్చిందట.

"టీ పెట్టీ ఇజయా. అలాగే హాలు ఓ తూరి తుడిసీ. రేప్పొద్దున్న గుడికెల్తే మరి టైము దొరకదు. ఎంతమంది వస్తారో ఏటో," అన్నాడు ఎలీయాజరు. "పూజల దాకానే కదా. ఓపిక పట్టు."

నాను తుడవనన్నాను కదా అని ఆమె అరవలేదు. అరిచి ఉంటే నవ్వేవాళ్లు. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. అలికేదానికి ఎన్నిసార్లు అలికినా పండగ రాదు. వంటింటి వెనక్కి వెళ్లి బకెట్ నింపింది. లిలువా నుంచి తెచ్చుకున్న ఎర్ర ప్లాస్టిక్ బకెట్. పిడి విరిగితే పాత చీర పేలిక మెలిపెట్టి కట్టుకుంది. నీలం చొక్కాని నీళ్లలో ముంచి పిండి, బాల్కనీ తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టింది. సాక్సులు తీసింది. చెప్పులు తీసి గుమ్మం పక్కన పెట్టింది. గుడ్డ తిప్పుతూ, వెనక్కి జరుగుతూ, మోకాళ్లు తిట్టిన తిట్లన్నీ లోపలే వింటూ సోఫా దాకా వచ్చింది.

"కాళ్లెత్తండి."

నాలుగు పాదాలూ లేచాయి. కింద నుంచి ఆమె వాటిని చూసింది. ఎలీయాజరు అరికాళ్లు మెత్తగా, తేటగా ఉన్నాయి. ఒక్క బీటా లేదు. ఆమె చేతిలో ఆయన చొక్కా ఉంది. ఇన్నేళ్లలో నేలకి వంగింది ఆ చొక్కాయే, ఆయన కాదు. వంగలేక కాదు. వంగగలిగీ వంగలేదు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. తొయ్యాలనుకుంది గానీ చెయ్యి ముందుకి పోలేదు. గుడ్డని పిండకుండానే బకెట్ అంచు మీద వేసింది. సోఫా చెయ్యి పట్టుకుని లేచింది. వంటింట్లోకి వెళ్లి చేతులు సబ్బుతో కడుక్కుంది. గదిలోకి వెళ్లి బడికి కట్టుకునే చీరలు, మోకాళ్ల మాత్రలు, కళ్లజోడు, బైబిలు సంచిలో పెట్టుకుంది. తుడవని వైపు నుంచి నడిచి తలుపు దగ్గరికి వచ్చింది.

"నానెల్తన్నాను," అంది.

"పాల పేకెట్టు తెచ్చీ," అన్నాడు ఎలీయాజరు. చూపు ఫోను మీదే ఉంది.

"అమ్మా, బ్రెడ్ కూడా," అన్నాడు జెఫ్రీ.

పాదాలు ఇంకా గాల్లోనే ఉన్నాయి. దించండి అనాల్సింది తనే. ఆమె అనలేదు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

సెక్టర్ ఫైవ్‌లో మెట్రో కోసం బెంచీ మీద కూర్చుని ఉండగా ఫోను మోగింది.

"ఎక్కడున్నావే? పాలకి ఇంతసేపా?" ఎలీయాజరు గొంతులో విసుగు. "సగం తుడిసి ఒగ్గేసినావు. బకెట్టు నట్టింట్లో ఉన్నాది. తడిలో కాళ్లెక్కడ ఎట్టాల?"

"లిలువా ఎల్తన్నాను. ఇంక రాణి దగ్గరే ఉంటాను."

వెనక వీడియోలో ఎవరో చప్పట్లు కొడుతున్నారు. అవి ఆగిపోయాయి.

"ఏటయిపోనాది నీకు? రేపు కూడిక! పాస్టరుగారొస్తారు. సంఘమంతా వస్తాది. ఆల్లకేటని సెప్పాలి?"

"మంచి మిసను కోసం సూస్తన్నామని సెప్పండి."

"ఇజయా, ఆటలాడకు. ఇల్లెవరు తుడుస్తారే?"

ఇన్నేళ్లకి ఆ ఇంట్లో ఆ ప్రశ్న పుట్టింది. విజయ కుమారి కళ్లు మూసుకుంది. 

"మీ మోకాళ్లు వంగుతాయి. ఇయ్యాల నా కళ్లతో సూసినాను. పరాయోడి షోరూంలో నేలకి చెంప ఆనించి మరీ ఎతికినారు దుమ్ము. ఆ దుమ్మే మనింట్లోనూ ఉన్నాది. వంగి తుడుసుకోండి. జెఫ్రీకి కూడా నేర్పండి. నాకింక ఫోను సెయ్యొద్దు."

బండి వచ్చింది. లోపల సీటు దొరికింది. మోకాళ్లు సలుపుతున్నాయి. బయటపడితే తేలిగ్గా ఉంటుందేమోనని ఎప్పుడో అనుకునేది. తేలిగ్గా ఏమీ లేదు. కొడుకు మొహం గుర్తొచ్చింది. అయినా కోపం తగ్గలేదు, తగ్గనివ్వలేదు కూడా. ఈసారి తగ్గితే రేపు మళ్లీ బకెట్ ముందు కూర్చోవలసిందే. సంచి ఒళ్లో పెట్టుకుని, ఎవరికీ పక్కకి తప్పుకోకుండా, హౌరా దాకా అలాగే కూర్చుంది.

రాణి తలుపు తీసి, సంచి చూసింది. మంచం మీద దుప్పటి దులిపి, "కూకో అక్కా," అంది.

న్యూ టౌన్ ఫ్లాటులో హాలు సగం మెరుస్తోంది, సగం బూడిద రంగులో ఉంది. తండ్రీ కొడుకులు సోఫా మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. వాళ్లకి ఎదురుగా, తుడిచిన సగానికీ తుడవని సగానికీ మధ్య ఎర్ర బకెట్ ఉంది, దాని అంచు మీద పిండని నీలం చొక్కా, జేబు బయటికి వేలాడుతూ, తెల్ల పలక మీద ఒక్కో చుక్కే నీళ్లు కారుస్తోంది.